రెండో సెన్సార్ మాట విన్న కంట్రోలర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

అనంతపురం దగ్గర ఒక వేరుశనగ నూనె మిల్లులో బాయిలర్ కరెంటు పనులు నేనే చూస్తాను. బాయిలర్‌లో నీరు తగ్గితే మంట ఆపే మా సేఫ్టీ కంట్రోలర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది, రెండు నీటిమట్టం సెన్సార్ల రీడింగులను ఎప్పటికప్పుడు పోల్చి చూసే ఏర్పాటు.

మొదటి ఏడాది నేను మెచ్చుకున్నది వేరొకటి. సెన్సార్ సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య (మట్టం 0 శాతమైతే 4, 100 శాతమైతే 20) ఉండాలి కాబట్టి, ఎలుక వైరు కొరికి కరెంటు 3.6 కన్నా తగ్గినా, షార్టయి 21 దాటినా, కంట్రోలర్ దాన్ని నీటిమట్టంగా కాక లోపంగా లెక్కగట్టి ఫ్యాన్లనూ మంటకు పొట్టు అందించే ఫీడరునూ ఆపేస్తుంది. అది చాలని చాలామందికి చెప్పాను కూడా.

చాలదని గత వేసవిలో ఒక రాత్రి తెలిసింది. మా బోరు నీటిలోని సున్నం పేరుకుని, మొదటి సెన్సార్ చాంబర్ (బాయిలర్ పక్కన పైనా కిందా గొట్టాలతో కలిపి, లోపలి మట్టానికే నీరు నిలిచేలా బిగించిన చిన్న పాత్ర) కింది గొట్టం మూసుకుపోయింది. బాయిలర్‌లో నీరు తగ్గుతున్నా చాంబర్‌లోని నీరు దిగే దారి లేదు. పైగా ఆవిరి చల్లబడి అందులోకే చేరుతుండడంతో రీడింగు 58 నుంచి 60 శాతానికి పెరిగింది. అంటే 13.6 మిల్లీ ఆంపియర్లు, ఏ తప్పూ పట్టలేని సిగ్నల్. దాన్నే నమ్మిన ఫీడ్ పంపు ఆగిపోయి ఉంది. రెండో సెన్సార్ 45 కన్నా కిందికి జారి, తేడా 15 శాతం దాటి 5 సెకన్లు నిలిచాకే కంట్రోలర్ మంటకు గాలి, పొట్టు ఆపి అలారం మోగించింది. నీటిమట్టం కంటికి కనిపించే గేజ్ గ్లాసును బ్లోడౌన్ చేసి (అందులోని నీరు, మడ్డి బయటికి వదిలి) చూస్తే నీరు రెండో సెన్సార్ చెప్పిన చోటే ఉంది. చల్లారాక చాంబర్ వాల్వు తిప్పితే మొదట చుక్క రాలేదు, గొట్టం పొడిచాక మజ్జిగలాంటి నీళ్లతో గోరంత పెచ్చులు రాలాయి.

ఇందులో సగం పుణ్యం మా పాత ఆపరేటరుది. బిగించేటప్పుడు ఖర్చు తగ్గుతుందని రెండు సెన్సార్లనూ ఒకే చాంబర్‌కు పెట్టబోతే, "రెండిటికీ ఒకే దారి పెడితే రెండూ కలిసే అబద్ధం చెప్తాయి నాయనా" అని ఆయన అడ్డుపడ్డారు.

ఇబ్బంది లేకపోలేదు. ఆవిరి వాడకం ఒక్కసారిగా పెరిగితే నీరు పొంగి, రీడింగుల తేడా ఎంతసేపు నిలిస్తే ఆపాలన్న గడువు 2 సెకన్లు ఉన్న రోజుల్లో ఊరికే ట్రిప్పయ్యేది (మంట ఆగిపోయేది). 5కు పెంచాక తగ్గింది, అంతకు మించి పెంచే ధైర్యం నాకు లేదు. మాలాంటి గట్టి నీళ్లున్న చోట మళ్లీ ఇదే కొంటాను. రెండో సెన్సార్‌కు వేరే కనెక్షన్ తీసే వీలు లేని బాయిలర్‌కు మాత్రం, దీని కోసం అంత డబ్బు పెట్టమని చెప్పలేను.