ఒక్క కుండీకే జాగా ఉంటే: కొత్తిమీరా, పుదీనానా?

మిద్దె మీద ఒక్క కుండీకే జాగా ఉంది, ఏది పెట్టమంటారని ఈ నెలలోనే నలుగురు అడిగారు. హనుమకొండలో మా మిద్దె మీద రెండూ పెంచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

రుచి ఒక్కటే చూస్తే నాకు కొత్తిమీరే ముందు. పచ్చిపులుసులో అప్పుడే తెంపింది పడాల్సిందే. పులుసు మరగదు కాబట్టి ఆకు వాసనా, సి విటమినూ ఎటూ పోవు.

కానీ మన దగ్గర తేల్చేది రుచి కాదు, ఎండ. ధనియాలను బద్దలుగా నలిపి అక్టోబర్‌లో చల్లితే నెలన్నరకు కోతకొస్తుంది. హోలీ దాటాక చల్లితే ఆకు సన్నబడి, కాడ లేచి, పూత పట్టేస్తుంది. ఒక మార్చిలో గ్రీన్ నెట్ కట్టి మరీ ప్రయత్నించాను. దక్కింది గుప్పెడు పచ్చి ధనియాలు (టమాట పచ్చడిలో నూరితే బాగానే ఉన్నాయి, అది వేరే సంగతి). చిక్కేమిటంటే, కుండీలో కొత్తిమీర గుబురుగా వచ్చేది చలికాలంలో, బజారులో కట్టలు చవకయ్యేదీ అప్పుడే. మే నెలలో ధర మండిపోయేటప్పుడు మన కుండీ ఖాళీ.

పుదీనాకు విత్తనం కూడా కొననక్కర్లేదు. బజారు కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తీసి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేర్లొస్తాయి. లోతు కన్నా వెడల్పున్న కుండీ, కాస్త పెండ ఎరువు, పొద్దుటి ఎండ చాలు. రోహిణి కార్తెలో మాత్రం నీడకు జరిపి రెండు పూటలా నీళ్లు పోయాలి. పైన వాడినా వేరు బతికుంటే తొలి వానకు మళ్లీ చిగురిస్తుంది. మజ్జిగలోకి నాలుగాకుల కోసం కట్ట కొంటే మిగిలింది ఫ్రిజ్‌లో నల్లబడుతుంది. కుండీ ఉంటే ఆ బాధ లేదు. నీడలో ఎండబెట్టినా వాసన నిలుస్తుంది. కొత్తిమీర ఎండితే గడ్డే. అయితే పుదీనా కుండీలో ఇంకో మొక్క పెట్టకండి, దాన్ని బతకనివ్వదు.

కరివేపాకు నేల మీద జాగా ఉన్నవాళ్లకు. వాము ఆకు బజ్జీలకు, జలుబుకు సరే, రోజూ వంటకు కాదు.

నేనైతే పుదీనాను ఏడాది పొడుగునా ఉంచుకుంటాను. దసరా వెళ్లాక పగిలిన బకెట్‌లో రెండు గుప్పెళ్ల ధనియాలు చల్లుతాను, పచ్చిపులుసు కోసం.