పిల్లల బాడీ స్ప్రే కొంటున్నారా? ముందు డబ్బా వెనక చదవండి

నల్గొండలోని అమ్మానాన్నలకు ఒక మాట. పోయిన నెల మా పాప మారాం చేస్తే ప్రకాశం బజార్‌లో బాడీ స్ప్రే కొనిచ్చాను. గులాబీ రంగు డబ్బా, దాని మీద కుందేలు బొమ్మ, ‘పిల్లల మెత్తని చర్మానికి’ అన్న రాత. 180 రూపాయలే కదా అనుకున్నాను.

మర్నాడు పాప బాత్రూం తలుపేసుకుని, డబ్బా మూతిని చేతికి ఆనించి బటన్ నొక్కి పట్టుకుంది. ‘అమ్మా, సల్లగ మండుతుంది’ అని ఏడుస్తూ బయటికొచ్చింది. రూపాయి బిళ్లంత మేర చర్మం తెల్లగా, గట్టిగా అయిపోయింది. సాయంత్రానికి బొబ్బ లేచింది. మా అత్తమ్మ పేస్టు రాయబోతే ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇదీ కాలిన గాయమేనట, కాకపోతే చలికి. ఐసు పెట్టొద్దు, రుద్దొద్దు, గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి అన్నారు.

అప్పుడు గానీ డబ్బా వెనక చూడలేదు నేను. చీమ తలకాయంత అక్షరాలు. ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చదివితే బ్యూటేన్, ఐసోబ్యూటేన్, ప్రొపేన్. మన వంట సిలిండర్‌లో ఉండేవీ ఇవే! ఒత్తిడికి ద్రవంగా ఉన్న గ్యాస్ బయటికి రాగానే ఆవిరవుతూ, తగిలిన చోట వేడినంతా లాగేస్తుంది. సిలిండర్ లీకైతే తెలియాలని అందులో వాసన కలుపుతారు. ఇందులో వచ్చేది స్ట్రాబెర్రీ వాసన. పైగా ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది, అంటే పిల్లల ఎత్తుకే. మూసిన గదిలో బాగా పీలిస్తే గుండె లయ తప్పొచ్చని డాక్టర్ అనేసరికి నాకు చెమటలు పట్టాయి. అదే దేవుడి గదిలో దీపం ముందు కొట్టుకుని ఉంటే?

డబ్బా వెనక చివరి లైన్‌లో ఇంగ్లీషులో ఇంకో మాట ఉంది: పిల్లలకు అందకుండా ఉంచండి. ముందేమో కుందేలు!

షాపతనికి చూపిస్తే, ‘అందరు తీస్కపోతున్రక్కా, ఎవరేమన్లే’ అన్నాడు. డబ్బులు ఇవ్వలేదు సరే, అదే అరలో ఇంకో పది డబ్బాలు అలాగే ఉన్నాయి.

కొనక తప్పదంటే రోల్-ఆన్ తీసుకోండి, అందులో గ్యాస్ ఉండదు. ఇప్పటికే స్ప్రే ఉంటే కారులోనో, స్కూటీ డిక్కీలోనో వదలకండి. 50 డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే ఉంటుంది, మన మే నెల ఎండలో మూసిన కారు అంతకు మించే కాగుతుంది. ఖాళీ డబ్బానైనా మంటలో వేస్తే పేలుతుంది. మా వీధి చివర చెత్తకుప్పకు రోజూ నిప్పు పెడతారు, అందుకే సగం మిగిలిన ఆ డబ్బా ఇంకా మా సజ్జ మీదే ఉంది.