రెయిడ్ ఉంటే ఫొటోలు పోవన్న మాట నమ్మి కొనకండి

గుంటూరు బ్రాడీపేటలో మాది పెళ్లి ఫొటోల స్టూడియో. నాలుగు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్లన్నీ వాడుకునే నిల్వ పెట్టె) కొన్నప్పుడు దుకాణంవారు ధీమాగా ఒక మాట చెప్పారు: "రెయిడ్ 5 ఉందండీ, ఒక డిస్కు పాడైనా ఏమీ పోదు. వేరే కాపీ దేనికి?" ఆ మాట మీకూ చెబుతారు. అందుకే రాస్తున్నాను. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి; రెయిడ్ 5లో ఒక డిస్కు పాడైనా మిగతావాటి నుంచి దాని డేటాను తిరిగి తయారుచేయవచ్చు.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. తెర మీద కాపీ పూర్తయిందని చూసి, మర్నాటి పెళ్లి కోసం కెమెరా కార్డును ఖాళీ చేశాము. రెండో కార్డు ఎక్కుతుండగా కరెంటు పోయింది. వచ్చింది, మళ్లీ పోయింది. అలా మూడుసార్లు. పెట్టె తనను తాను సరిచూసుకుంటున్న సమయంలోనే మరో రెండుసార్లు ఆగిపోయిందన్నమాట. తెల్లవారి చూస్తే ఫోల్డర్ల పేర్లు ఉన్నాయి, లోపల ఫైళ్ల పరిమాణం సున్నా. కొన్ని తలంబ్రాల ఫొటోలు సగం వరకు తెరుచుకుని, కింద అంతా బూడిద రంగు.

నాలుగు డిస్కులూ నిక్షేపంగా ఉన్నాయి. కాబట్టి వారంటీ వర్తించదన్నారు.

జరిగింది ఇది. కాపీ అయిందని తెర చెప్పినప్పుడు డేటా ఇంకా పెట్టె తాత్కాలిక మెమరీలోనే ఉండవచ్చు. డిస్కు లోపల కూడా చిన్న కాష్ (రాసేముందు డేటాను కాసేపు ఉంచే చోటు) ఉంటుంది, అది రాసే క్రమాన్ని మార్చుకుంటుంది. కరెంటు పోతే ఆ రెండు చోట్లా ఉన్నది పోతుంది. ఎక్స్ట్ 4 వంటి ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) జర్నల్, అంటే మార్పులను ముందుగా రాసుకునే పట్టిక, మామూలుగా కాపాడేది ఫైళ్ల చిట్టాను, ఫొటోను కాదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ వాడే డ్రైవులకు ఆ జర్నల్ కూడా లేదు. పైగా రెయిడ్ 5 డేటానూ దాని పారిటీనీ (పోయిన డేటాను తిరిగి లెక్కకట్టే అదనపు సమాచారం) వేర్వేరు డిస్కులపై రాస్తుంది. మధ్యలో ఆగితే రెండింటికీ పొంతన ఉండదు. అది సరికాకముందే ఒక డిస్కు పాడైతే ఆ తప్పు లెక్కతోనే పోయిన భాగం తిరిగి తయారవుతుంది.

ఇన్వర్టర్ ఉంది కదా అనుకున్నాము. చాలా ఇన్వర్టర్లకు రెండు రకాల అమరిక ఉంటుంది: ఒకటి మామూలుది, ఇంకొకటి కంప్యూటర్ల కోసం త్వరగా బ్యాటరీకి మారేది. మాది మామూలు అమరికలో ఉంది. ఫ్యానుకు, లైటుకు అది చాలు, కంప్యూటర్ పెట్టె మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీకి మారేలోపు ఆరిపోవచ్చు. కొనేముందు నాస్ పెట్టె, కరెంటు పోగానే బ్యాటరీతో నడిపించే ఏ యూపీఎస్‌తో యూఎస్‌బీ తీగ ద్వారా మాట్లాడగలదో అడగండి. బ్యాటరీ తగ్గుతోందని తెలిస్తే పెట్టె తనంతట తాను సక్రమంగా ఆగిపోవాలి. ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో చేసిన డిస్కు) అయితే కరెంటు పోయినా కాష్‌ను రాసి ముగించే కెపాసిటర్లు (కాస్త కరెంటును నిల్వ ఉంచే భాగాలు) ఉన్నాయా అని అడగండి. సమాధానం చెప్పలేని చోట కొనవద్దు.

మేము చేసిన ఇంకో పెద్ద తప్పు, వెంటనే మరమ్మతు ఆదేశం ఇవ్వడం. అది అదే డిస్కుల మీద రాస్తుంది. మిగిలిన ముక్కలు పేర్లు పోయి, అంకెలతో ఒక ఫోల్డర్‌లో కుప్పపడ్డాయి. పెట్టెను ఆపేసి, ముందు ప్రతి డిస్కుకూ పూర్తి నకలు తీయించి, ఆ నకలు మీదే ప్రయత్నించవలసింది.

ఇప్పుడు రెండు కాపీలు తెరిచి చూసేవరకు, అందులో ఒకటి మా ఇంటికి చేరేవరకు కార్డు ఖాళీ చేయడం లేదు. ఆ పెళ్లివారికి డబ్బు తిరిగి ఇచ్చాము. వారి ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం ఘట్టానికి ఉన్నవి బంధువుల ఫోన్లలో దొరికిన ఫొటోలే.