ఎంపిక వరకు భేష్, ఆ తర్వాత మన తిప్పలే: విజిటింగ్ ఫెలోషిప్ దరఖాస్తుల ప్లాట్‌ఫాంపై సమీక్ష

కొన్ని వారాలకో నెలలకో పరిశోధన కోసం వచ్చి వెళ్లే విజిటింగ్ ఫెలోల దరఖాస్తులు చూసే పని నాది. చాలా రౌండ్లుగా ఒకే ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం మీద నడుపుతున్నాం. దరఖాస్తులన్నీ మెయిళ్లలో వచ్చిపడే రోజులతో పోలిస్తే ప్రాణానికి హాయిగా ఉంది. కాకపోతే దీన్ని తయారుచేసినవాళ్ల మనసులో ఉన్నది ఉద్యోగ దరఖాస్తు. విజిట్ వ్యవహారం వేరని వాళ్లకు తట్టినట్టు లేదు.

ఉద్యోగానికైతే అభ్యర్థి, తన గురించి లేఖ రాసిచ్చే రిఫరీలు ఉంటే సరిపోతుంది. విజిట్‌కి హోస్ట్ కూడా కావాలి. ల్యాబ్‌లో చోటు, తన సమయం ఇస్తానని హోస్ట్ ముందే ఒప్పుకోకపోతే దరఖాస్తు ఎంత బాగున్నా దండగే. ఇందులో హోస్ట్‌కంటూ ఒక గడే లేదు. హెల్ప్‌డెస్క్‌ని అడిగితే, మూడో రిఫరీగా చేర్చుకోమన్నారు. చేర్చాం. దాంతో 'ఈ అభ్యర్థి మీకు ఎంతకాలంగా తెలుసు?' అంటూ హోస్ట్‌లకి మెయిళ్లు వెళ్లాయి. ఒక ప్రొఫెసర్ గారు 'ఈ అమ్మాయిని నేనింకా చూడనేలేదు, అందుకే కదా రమ్మంటున్నాను' అని నింపి పంపారు. అది కాస్తా రిఫరెన్సుల పీడీఎఫ్‌లో చేరి కమిటీ ముందుకు వెళ్లింది! ఇప్పుడు హోస్ట్ సమ్మతి పత్రాన్ని అభ్యర్థి చేతే అప్‌లోడ్ చేయిస్తున్నాం.

తేదీల సంగతీ అంతే. 'నుంచి', 'వరకు' ఒక్క జతే ఇస్తుంది. విజిట్‌ని రెండు విడతలుగా చేస్తామనేవాళ్లు వివరణ గడిలో రాస్తారు. దరఖాస్తుల వివరాలు ఫైలుగా దించుకునే ఎక్స్‌పోర్ట్‌లో ఆ గడి రాదు.

రిఫరెన్సు లేఖల పని మాత్రం చక్కగా చేస్తుంది. లేఖ పంపమనే లింకు రిఫరీకి ఎప్పుడు వెళ్లాలో మనమే పెట్టుకోవచ్చు. మొదట్లో 'దరఖాస్తు సమర్పించాక' అని ఉంటుంది. అలాగే వదిలేస్తే ఆఖరి రాత్రి రిఫరీల ఇన్‌బాక్సుల మీద దండయాత్రే. 'రిఫరీ పేరు నమోదు కాగానే' అని మార్చి, వాళ్లకు విడిగా ఇంకో వారం గడువు ఇచ్చాం. లేఖ వచ్చిందా లేదా అన్నది అభ్యర్థికి కనబడుతుంది, లేఖలో ఏముందో కనబడదు. 'మా గైడ్ గారి లేఖ అందిందాండీ' అనే మెయిళ్లు దాదాపు ఆగిపోయాయి.

గడువు సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో చూపిస్తుంది. మేం 'భూమ్మీద ఎక్కడున్నా' పద్ధతి పాటిస్తాం, భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఉన్నంతసేపూ గడువు ఉన్నట్టే, అంటే యూటీసీకి 12 గంటలు వెనక. రాత్రి 23:59 గడువుని సిస్టంలో మరుసటి రోజు ఉదయం 11:59గా నమోదు చేయాలి. ప్రకటనలో ఒక తేదీ, ఫారంలో ఇంకో తేదీ చూసి అభ్యర్థులు కంగారుపడతారు. ఫారం పైన రెండు ముక్కలు రాసిపెట్టాక ఆ గోల తగ్గింది.

పరిశోధకులను గుర్తించే ఆర్కిడ్ ఐడీ గడి కొన్నాళ్లు అంకెలే తీసుకునేది. ఆ ఐడీలో 16 అక్షరాలుంటాయి, చివరిది అంకె బదులు 'ఎక్స్' కూడా కావచ్చు. అలాంటివాళ్ల దరఖాస్తు ముందుకు కదిలేది కాదు. చెప్పగానే సరిచేశారు, మెచ్చుకోవాలి. ఎక్స్‌పోర్ట్‌లో వచ్చే సీఎస్‌వీ ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే ఫ్రెంచి, పోలిష్ పేర్లు పిచ్చి గీతలైపోవడం మాత్రం ఇప్పటికీ ఉంది. డేటా మెనూలోంచి యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్ ఎంచుకుని తెస్తే బాగానే వస్తాయి.

సమీక్షకుల మార్కులకి సగటు తీసి ర్యాంకు ఇచ్చేస్తుంది. ఒకాయన ఎవరికీ ఏడు దాటించడు, ఇంకొకావిడ ఎనిమిదికి తగ్గదు. ఎవరి దరఖాస్తు ఎవరి చేతిలో పడిందన్నదే ర్యాంకు అయిపోతుంది. అందుకని ఆ వరుసను కమిటీకి చూపించను, విడి మార్కులూ వ్యాఖ్యలూ మాత్రమే ఇస్తాను. సమీక్షకుడూ అభ్యర్థీ ఒకే సంస్థవాళ్లైతే పట్టుకుంటుంది గానీ, నిన్నమొన్న కలిసి పేపరు రాసినా దానికి తెలియదు.

అభ్యర్థి 'అంగీకరించాను' నొక్కగానే దాని పని అయిపోతుంది. ఆహ్వాన లేఖ, వీసా ఆలస్యమై తేదీలు జరపడం, వెళ్లేముందు ఇవ్వాల్సిన నివేదిక, ఇవన్నీ మా స్ప్రెడ్‌షీట్‌లోనే. ఐదుకి మూడున్నర ఇస్తాను. తీసుకోవాలనుకునేవాళ్లు డెమోలో వాళ్లు చూపించేది చూసి ఊరుకోవద్దు. రెండు విడతల విజిట్‌కి ఒక ఉత్తుత్తి దరఖాస్తు పెట్టి, హోస్ట్‌కి ఏ మెయిల్ వెళ్తుందో మీ కళ్లతో చదవండి.