బాల్ అండ్ స్టిక్ మోడల్ కిట్: కార్బన్ గురించి ఎంతవరకు నమ్మొచ్చు?

బంతుల్ని పరమాణువులుగా, పుల్లల్ని బంధాలుగా పెట్టి అణువుల నమూనాలు కట్టే ఈ కిట్‌ని గుంటూరు, విజయవాడ ఇంటర్ క్లాసుల్లో ఏళ్ల తరబడి వాడాక మా తీర్పు: కొనొచ్చు, కానీ అది చూపించేదంతా నమ్మకూడదు.

దీని అసలు బలం కార్బన్‌కి వాడే నల్ల బంతికున్న నాలుగు రంధ్రాలు. ఏ రెండింటి మధ్యనైనా కోణం 109.5 డిగ్రీలు. బోర్డు మీద మీథేన్‌ని (ఒక కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు) కూడిక గుర్తులా గీస్తాం కాబట్టి పిల్లలు 90 డిగ్రీలనే అనుకుంటారు. నాలుగు పుల్లలు గుచ్చి బల్ల మీద పెడితే మూడింటి మీద నిలబడి నాలుగోది నిటారుగా ఉంటుంది. ఇక వేరే వివరణ అక్కర్లేదు. ఆరు కార్బన్ల ఉంగరమైన సైక్లోహెక్సేన్‌ని కుర్చీ రూపం నుంచి పడవ రూపానికి తిప్పేటప్పుడు పుల్లల బిగువు వేళ్లకే తెలుస్తుంది.

సెట్ సరిపోతుందో లేదో తేల్చడానికి మన మిరపకాయే మంచి పరీక్ష. కారానికి మూలమైన క్యాప్సైసిన్‌లో 18 కార్బన్లు, 27 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు, ఒక నైట్రోజన్. మొత్తం 49 బంతులకు 44 నిటారు పుల్లలు, అయిదు ద్విబంధాలకు రెండేసి చొప్పున 10 వంపు పుల్లలు కావాలి. చిన్న సెట్లలో హైడ్రోజన్‌కి వాడే తెల్ల బంతులే ముందు అయిపోతాయి. క్యాప్సైసిన్ తోకలోని ద్విబంధం దగ్గర గొలుసు ట్రాన్స్‌గా (రెండు కొసలూ ఎదురెదురు వైపులకు) ఉండాలి. సిస్‌గా (రెండూ ఒకే వైపుకు) బిగిస్తే అది వేరే పదార్థం. ఏకబంధం గిర్రున తిరుగుతుంది, ద్విబంధం తిరగదు. ఈ తేడా కిట్ నిజాయితీగా చూపిస్తుంది.

తప్పుదారి పట్టించేదీ ఆ ద్విబంధమే. రెండు వంపు పుల్లలూ అచ్చం ఒకేలా ఉంటాయి. నిజానికి ఒకటి సిగ్మా (రెండు పరమాణువుల నడుమ నేరుగా ఉండేది), రెండోది దానికంటే బలహీనమైన పై (π) బంధం (పక్కల నుంచి కలిసేది). ద్విబంధమున్న పదార్థం కలిపితే బ్రోమిన్ నీళ్ల రంగు పోయేది ఆ పై (π) బంధం తెగడం వల్లే. ఆరు కార్బన్ల ఉంగరమైన బెంజీన్ సంగతి మరీ అన్యాయం: కిట్‌లో మూడు ఏక, మూడు ద్వి బంధాలుగా కనిపిస్తుంది, అసలు అణువులో ఆరూ సమానం, ఒక్కోదాని పొడవు 139 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు). మామూలు ఏకబంధం 154, ద్విబంధం 134.

పుల్లని అటూ ఇటూ ఊపి లాగితే రంధ్రం వదులవుతుంది, మెలితిప్పుతూ లాగాలి. ఇప్పటికే వదులైతే ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు ఒక చుట్టు చాలు. వంపు పుల్లల్ని మోడల్‌లోనే నెలల తరబడి వదిలేయొద్దు.

ప్రాణానికి కార్బనే ఎందుకు అన్న ప్రశ్న దగ్గర మాత్రం కిట్‌ని పక్కన పెట్టి సుద్దముక్క పట్టుకోవాల్సిందే. అదే నల్ల బంతిని సిలికాన్ అన్నా కిట్ కాదనదు, దానికీ నాలుగు చేతులే మరి. తేడా అంకెల్లో ఉంది. మోల్‌కు (అణువుల్ని లెక్కించే ప్రమాణం) కార్బన్-కార్బన్ బంధ శక్తి, అంటే బంధం తెంచడానికి కావాల్సిన శక్తి, దాదాపు 347 కిలోజౌల్స్, కార్బన్-ఆక్సిజన్‌ది దాదాపు 358. రెండూ ఇంచుమించు సమానం కాబట్టి గాలి, నీరు ఉన్నచోట కూడా పొడవాటి కార్బన్ గొలుసు నిలుస్తుంది. సిలికాన్-సిలికాన్ దాదాపు 225, సిలికాన్-ఆక్సిజన్ మాత్రం దాదాపు 450. అందుకే సిలికాన్ గొలుసు కట్టడం కంటే ఆక్సిజన్‌ని పట్టుకోవడానికే మొగ్గుతుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ విడివిడి అణువుల వాయువు, వరి ఆకు దాన్ని గాలిలోంచే తీసుకుంటుంది. సిలికాన్ డయాక్సైడ్ అంటే కృష్ణ ఒడ్డున లారీలకెత్తే ఇసుకలో ఎక్కువ భాగం. దాన్ని ఏ ఆకు పీల్చగలదు?