లిన్సికమా, బర్లీయా: జట్టుకు ఎవరు మేలు?

నాలుగేళ్లు మెరిసి చల్లారిపోయిన పిచ్చర్ (బేస్‌బాల్‌లో బంతి వేసేవాడు) మేలా, పదిహేనేళ్లు హడావుడి లేకుండా వచ్చి తన పని తాను చేసుకుపోయినవాడు మేలా? బేస్‌బాల్ అభిమానుల మధ్య ఇది తెగని పంచాయితీ. టిమ్ లిన్సికమ్‌నూ మార్క్ బర్లీనీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నా ఓటు బర్లీకే, ముందే చెప్పేస్తున్నా.

లిన్సికమ్ బక్కపలచని మనిషి, పొడుగు జుట్టు. 2008, 2009లో వరుసగా లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు. 2010 ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ దశ) తొలి మ్యాచ్‌లో అట్లాంటా బ్రేవ్స్ మీద 14 స్ట్రైకవుట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేయడం) తీసి, ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తనే వేశాడు. అతని జట్టు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ గెలిచింది 1-0తో. ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోకు తొలి వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) టైటిల్ వచ్చిందంటే అందులో అతని వాటా చిన్నది కాదు. ఆ తర్వాత బంతిలో వేగం తగ్గింది. 2012లో ఈఆర్‌ఏ, అంటే ఫీల్డింగ్ తప్పిదాల వల్ల వచ్చినవి పోగా తొమ్మిది ఇన్నింగ్స్‌కు (ఒక పూర్తి మ్యాచ్‌కు) సగటున ఇచ్చిన పరుగులు, 5.18కి చేరింది. మధ్యలో రెండు నో-హిట్టర్లు (ప్రత్యర్థికి ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్‌లు) వేసినా, 2016లో 32 ఏళ్లకే అమెరికా అగ్రస్థాయి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్స్‌లో ఆట ముగిసింది.

బర్లీని 1998 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) షికాగో జట్టు వైట్ సాక్స్ తీసుకుంది 38వ రౌండ్‌లో. అతని ఫాస్ట్‌బాల్ గంటకు 85 మైళ్ల దగ్గర ఆడేది, ఆ స్థాయిలో అది నెమ్మదే. సై యంగ్ ఒక్కటీ లేదు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ హిట్లు (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) ఇచ్చుకున్న సీజన్లూ ఉన్నాయి. కానీ 2001 నుంచి 2014 దాకా వరుసగా 14 సీజన్లు 200 ఇన్నింగ్స్ (మూడు ఔట్లు తీస్తే ఒకటి) దాటాడు. క్రికెట్‌లో రోజంతా ఒక ఎండ్ పట్టేసే బౌలర్ ఉంటాడే, అలాంటివాడన్నమాట.

ఈ లెక్క విలువ కోచ్‌ని అడగాలి. మొదలుపెట్టిన పిచ్చర్ నాలుగో ఇన్నింగ్స్‌లోనే చేతులెత్తేస్తే మిగతా ఐదూ బుల్‌పెన్, అంటే తర్వాత దిగే పిచ్చర్లు, మోయాలి. ఆ అలసట రేపటి మ్యాచ్‌లోనూ, ఎల్లుండి మ్యాచ్‌లోనూ తెలుస్తుంది. బర్లీ వేసే రోజు వాళ్లకి దాదాపు సెలవే. పైగా క్యాచర్ (బేస్‌బాల్ వికెట్‌కీపర్ అనుకోండి) నుంచి బంతి రాగానే వేసేసేవాడు. 2005 ఏప్రిల్‌లో సియాటిల్‌తో మ్యాచ్‌ను గంటా 39 నిమిషాల్లో ముగించేశాడు! అదే ఏడాది వరల్డ్ సిరీస్‌లో రెండో మ్యాచ్ మొదలుపెట్టి, మూడో మ్యాచ్ 14వ ఇన్నింగ్స్‌కి సాగితే చివరి ఔట్ కోసం మళ్లీ వచ్చాడు. సాదాసీదా పిచ్చరే కదా అనుకునేవాళ్లకి 2009లో టాంపా బే మీద వేసిన పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థి బ్యాటర్ ఒక్కడూ బేస్ చేరని మ్యాచ్) ఒకటుంది.

అసలు సంగతి అంకెల్లో ఉంది. కెరీర్ మొత్తం మీద లిన్సికమ్ ఈఆర్‌ఏ 3.74, బర్లీది 3.81. తేడా లేనట్టే. అదీ బర్లీ ఎక్కువ కాలం ఆడింది, మేజర్ లీగ్స్‌లోని రెండు విభాగాల్లో అప్పట్లో పిచ్చర్ బదులు అసలు బ్యాటర్ దిగిన అమెరికన్ లీగ్‌లో. ఇన్నింగ్స్ చూస్తే మాత్రం బర్లీవి 3,283, లిన్సికమ్‌వి 1,682. గెలుపులు 214, 110. స్ట్రైకవుట్లలో లిన్సికమ్ గొప్పే. సగం ఇన్నింగ్స్‌లోనే 1,736 తీశాడు, బర్లీవి 1,870.

2015 సీజన్ ఆఖరి రోజు 15వ సారి 200 దాటాలంటే బర్లీకి ఇంకో రెండు ఇన్నింగ్స్ చాలు. రెండు రోజుల ముందే పిచింగ్ చేసినా బంతి చేతికిచ్చారు. రెండు ఔట్లు తీసేలోగా ఎనిమిది పరుగులు వచ్చాయి, 198 దాటి ఆగిపోయాడు. ఎనిమిదీ ఫీల్డింగ్ తప్పిదం వల్ల అతని ఖాతాలో పడనివే కావడం మరీ చేదు.

ఒక్క రాత్రి, గెలిచి తీరాల్సిన మ్యాచ్ అయితే నేనూ 2010 నాటి లిన్సికమ్‌నే పిలుస్తా. కానీ సీజన్‌లో ఉన్నవి 162 మ్యాచ్‌లు. బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లు తొలి ఏడాదే లిన్సికమ్‌ను జాబితాలోంచి తీసేశారు. బర్లీకి మొదటిసారి 11 శాతం ఓట్లొచ్చి జాబితాలో నిలిచాడు. లోపలికెళ్లాలంటే 75 శాతం కావాలి, అంత వస్తుందని నేనైతే అనుకోను.