కార్ షెడ్డు కింద ఉమ్మడి డ్రైనేజీ: గది కట్టాలంటే ఏది మేలు?

కార్ షెడ్డును గది చేసినప్పటి నుంచి అందరూ నన్ను అడిగేది ఒకటే. టైల్స్ ఎక్కడ కొన్నావని కాదు, "కింద పోయే లైనుని ఏం చేశావు?" అని. తిరుపతి పాత కాలనీల్లో ఇది మామూలే. తాతగారి స్థలం అన్నదమ్ములు పంచుకుని మూడిళ్లు కట్టుకున్నారు గానీ డ్రైనేజీ లైను మాత్రం ఒకటే మిగిలింది. అది ముందింటి షెడ్డు కిందుగా వీధి మ్యాన్‌హోల్‌లోకి పోతుంది. ఆ ముందిల్లు మాది.

మా ముందున్న దారులు మూడు. ఛాంబరును (లైను అడ్డుపడితే మూత తీసి శుభ్రం చేసే గుంతను) గదిలోనే ఉంచి గట్టి మూత వేయడం, లైనును పక్క సందులోకి మళ్లించడం, షెడ్డు జోలికి పోకుండా మేడ మీద గది వేసుకోవడం. పునాది మోస్తుందని ఇంజనీరు చెబితే, మోకాళ్లు బాగుంటే, మేడ గదికి వంక పెట్టేదేమీ లేదు. మా అమ్మ మెట్లెక్కలేదు కాబట్టి దాని గురించి నేను ఎక్కువ ఆలోచించలేదు.

మొదటి దారికే ఎవరైనా టెంప్ట్ అవుతారు. రెండు మూతలూ, రబ్బరు సీలూ ఉండే ఛాంబర్లు వచ్చాయి, పై మూతలో టైలు కూడా పొదగొచ్చు. రెండు రోజుల పని. వాసన రాదు, అదీ నిజమే.

కొర్లగుంటలో మా మేనమామ అచ్చం ఇలాగే చేశాడు. ఇంకాస్త అందంగా ఉండాలని మూత అంచులకు సిమెంటు కూడా పూయించాడు. ఒక భోగి తెల్లవారుజామున వెనకింటి వాళ్ల బాత్రూములో నీళ్లు పోవడం ఆగిపోయింది. వీధిలో మంట ఇంకా ఆరలేదు. పరుపు బయటికి, మంచం నిలువుగా గోడకి, అత్త బియ్యం డబ్బా వంటింట్లోకి. తర్వాత సుత్తి. పగిలిన టైలుకు జత మళ్లీ దొరకలేదు, ఇప్పటికీ ఆ గది నడుమ ఒక చదరం వేరే రంగులో ఉంటుంది.

మా గది, తలుపు తీయం అనడానికీ కుదరదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్కవారి స్థలం వాడుకునే హక్కుల) చట్టం 24వ సెక్షన్‌లో ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పారు: నీ స్థలంలోంచి గొట్టం వేసుకునే హక్కు పక్కవాడికి ఉంటే, అతను లోపలికొచ్చి తవ్వి బాగుచేసుకోవచ్చు, తర్వాత నేలను ఎప్పటిలా చేసి అప్పగించాలి. దానికి తోడు రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. బద్దతో పొడిస్తే పోని అడ్డయితే యంత్రం గొట్టమే రావాలి. అది పడకగదిలోకి ఎలా వస్తుంది?

కానీ నా మనసు మార్చింది ఈ గొడవ కాదు, లెవెలు. మా బేల్దారి మేస్త్రీ పారదర్శకమైన ట్యూబు నిండా నీళ్లు పోసి ఒక కొసను వీధి మ్యాన్‌హోల్ మూత దగ్గర, ఇంకో కొసను షెడ్డు నేల దగ్గర పట్టించాడు. "రోడ్డు కన్నా మీ షెడ్డే మూడేళ్లు పల్లంగా ఉండాది సామీ" అన్నాడు. మూడు వేళ్ల మందం. అంతే, కానీ అది చాలు. వీధి లైను నిండితే మురుగు ఎక్కడ పల్లముంటే అక్కడే పైకి తన్నుతుంది. 2021 నవంబరు వానలు చూసిన ఊరికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఛాంబరు మూత ఎంత బిగించినా, గదికి కట్టిన బాత్రూములో నీళ్లు నిలిచే వంపు గొట్టం, ట్రాప్, ఉంటుంది కదా. అందులో నిలిచే రెండంగుళాల నీళ్లు వాసనను ఆపుతాయి గానీ తన్నుకొచ్చే మురుగును ఆపలేవు.

అందుకే మళ్లించాం. నేలను అడుగు లేపాం. షెడ్డు స్లాబు పదడుగుల ఎత్తు కాబట్టి తొమ్మిది మిగిలింది. జాతీయ భవన నియమావళి ప్రకారం నివాస గదికి 2.75 మీటర్ల ఎత్తుండాలి, తొమ్మిదడుగులంటే ఇంచుమించు అంతే. మీ షెడ్డు తొమ్మిదడుగులే అయితే ఇక్కడే ఆగిపోండి.

సందు పొడవు 38 అడుగులు. నాలుగంగుళాల పైపుకు 57కి ఒకటి వాలు (57 అడుగుల పొడవుకు ఒకడుగు దిగుడు) కావాలి, అంటే దాదాపు ఎనిమిదంగుళాల దిగుడు. మాకు దొరికింది ఆరే. ఆరంగుళాల పైపుకైతే వందకి ఒకటి చాలు, నాలుగున్నర అంగుళాలతో పని అయిపోతుంది. మూడిళ్ల నీళ్లు పోతాయి కాబట్టి పెద్ద పైపైనా మడ్డి నిలవదు. ఒకే ఇంటి లైనైతే ఇదే మాట చెప్పను. మలుపు తిరిగే ప్రతిచోటా ఒక ఛాంబరు కట్టించాం. కందకం పునాది కన్నా లోతుకు పోకుండా మేస్త్రీ దగ్గరుండి చూసుకున్నాడు. పాత పైపును ఖాళీగా వదలకుండా కాంక్రీటుతో నింపించాం, లేకపోతే ఎలుకలకు సొరంగం కట్టిచ్చినట్టే. మురుగును వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు మాత్రం కొత్త బాత్రూము నుంచి వచ్చే పైపుకే పెట్టండి. ఉమ్మడి లైనుకు పెడితే వాల్వు మూసుకున్నప్పుడు వెనకిళ్ల మురుగు వాళ్ల ఇళ్లలోకే పోతుంది.

ఇబ్బందులు లేవని కాదు. మూడిళ్ల వాళ్లం స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టుకున్నాం, దానికే ఎక్కువ రోజులు పట్టింది. ప్లానులో పార్కింగ్ అని చూపిన చోటు కాబట్టి ముందు కార్పొరేషన్ అనుమతి సంగతి తేల్చుకోవాలి. కారు ఇప్పుడు వీధిలో వేపచెట్టు కింద ఉంటోంది, కాకులకు సంబరంగా ఉంది. ఖర్చు మాత్రం టైల్సుకూ బాత్రూము ఫిట్టింగులకూ అయినంత కాలేదు.

పోయిన వారం మళ్లీ లైను అడ్డుపడింది. పెదనాన్న కొడుకు సందులో మూత తీసి, వెదురు బద్దతో పొడిచి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. లోపల అమ్మ మధ్యాహ్నం నిద్రలోంచి లేవనే లేదు.